తన్లిన్ ఒడ్డున లంగరు రాయి

పాత చర్చి గోడల పక్కన సర్కారువారు చలవరాతి పలక పెట్టిన రోజున మా ఊరు ఊరంతా అక్కడే ఉంది. బ్యాండు మోగించారు. ఒక దొర గుడ్డ లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. ఎందుకు కొడుతున్నామో మాలో సగం మందికి తెలియదు.

మా ఊరంటే తన్లిన్. దొరలు సిరియం అనేవారు. రంగూన్ రేవులో లాంచీ ఎక్కి పెగూ నది దాటితే అవతల ఒడ్డున తగిలే చిన్న ఊరు. ఒక పక్క నూనె కంపెనీ పొగగొట్టాలు, ఇంకో పక్క కనుచూపు మేర వరిచేలు, దిబ్బ మీద పగోడా. నేను చెప్పేది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. భీమిలి నుంచి కొత్త కోడలిగా అక్కడికి వెళ్లాను. మా ఆయనది కంపెనీలో రేకు డబ్బాలు అతికే పని. కూలీల కోసం వరసగా కట్టిన ఇళ్లని లైన్లనేవాళ్లం. ఆ లైన్లలో ఒక ఇంట్లో మేమిద్దరం, మా ఆయన నాయనమ్మ ఉండేవాళ్లం. ఆవిణ్ణి లైన్లన్నీ మామ్మ అనే పిలిచేవి. నేనూ అంతే.

మోకాళ్ల నొప్పులతో మామ్మ ఆ వేళ ఇల్లు కదల్లేదు. మేం గుమ్మంలో అడుగు పెట్టామో లేదో అడిగేసింది.

"ఏటి రాసినారే ఆ రాయి మీద?"

మా ఆయనకి కాస్త ఇంగ్లీషు కూడబలుక్కోవడం వచ్చు. "ఎప్పుడో ఓడల మీద వచ్చిన దొరలు ఇక్కడ కోట కట్టుకుని, గుడి కట్టుకుని ఉండీవోరట మామ్మా. అదీ సంగతి" అన్నాడు.

మామ్మ నోట్లో నములుతున్న తమలపాకు పక్కకి నెట్టింది. "ఆళ్లు ఓడ మీదొచ్చినారని రాయెట్టినారా? మరి మనవేటి, ఎగిరొచ్చినావా?"

నాకు నవ్వాగలేదు. "మనకి రాయి ఎవరు పెడతారు మామ్మా?" అన్నాను.

"ఒకరెట్టడవేటే? మన రాయి మనవే ఎట్టుకున్నాం. నా కళ్లతో సూసినాను నాను."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఉన్నా ఈ మాట నేను వినలేదు. మా ఆయనా వినలేదు. చెప్పులు కూడా తియ్యకుండా ఆవిడ ముందు చతికిలబడ్డాం.

మామ్మ చెప్పిన కథ ఇది. ఆవిడ తల్లి కొంగు పట్టుకుని తిరిగే వయసులో కోరంగి రేవులో తెరచాప ఓడ ఎక్కారు. కొన్ని కుటుంబాలు, పెళ్లికాని మగవాళ్లు కొందరు. దారిలో గాలివాన పట్టుకుంది. ఓడ అడుగు చెడింది. రంగూన్ రేవు దాకా వెళ్లే ఓపిక ఓడకి లేక, ఈ ఒడ్డున ఒక పాయలోకి తోసి ఆపారు. ఆ ఓడ ఇంక సముద్రం ముఖం చూడలేదు. దాని చెక్కలు విప్పి తొలి గుడిసెలు వేసుకున్నారు. తెరచాప గుడ్డే పైకప్పు. ఏనుగు దాగేటంత గడ్డి కోసి, బురద మెట్ట చేసి, పొలాల్లోనూ రేవులోనూ కూలికి కుదురుకున్నారు.

"లంగరు మట్టుకు ఎవురూ ఇప్పనేదు" అంది మామ్మ. "రాతి లంగరు. మన దేశపు నల్లరాయి, నడిమిన కన్నం. మగోళ్లంతా పట్టి ఒడ్డుకి లాగినారు. పసుపు పూసి, బొట్టెట్టి, గంగమ్మ తల్లీ, నువ్విక్కడ దించినావు, నువ్వే కాసుకో అని మొక్కినారు. నది పొంగి గుడిసెలు కొట్టుకుపోతే మేవంతా మెరకకొచ్చీసినాం. రాయి అక్కడే ఉండిపోనాది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందో లేదో గుర్తు లేదు కానీ, మర్నాడు నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లందరికీ ఈ కథ చెప్పింది నేనే. సాయంత్రానికల్లా లైన్లు కుతకుత ఉడికిపోయాయి. ఎవరి నోట విన్నా రాయే. మా తాతా ఆ ఓడలోనే వచ్చాడని ఒకరు, కాదు మా తాత ముందు ఓడలో వచ్చాడని ఒకరు. కూలీలని కుదిర్చే మేస్త్రి మా ఇంటికే వచ్చాడు. మావ వరసయ్యే పెద్దమనిషి, బొద్దు మీసాలు, ఎప్పుడూ చేతిలో గొడుగు.

"ఆ ఓడకి తండేలు మా తాతే. ఓడ నడిపించింది ఆయన, మీ అందర్నీ ఇక్కడ దించింది ఆయన" అన్నాడు. "రాయి దొరికిందంటే మన గుడి ముందర పాతుదాం. పైన మా తాత పేరు రాయిద్దాం."

"ముందు దొరకనీ" అంది మామ్మ.

ఆదివారం కంపెనీ సెలవు. మామ్మని ఎడ్లబండి మీద కూర్చోబెట్టి గునపాలు, పారలతో ఊరి బయటకి బయల్దేరాం. పిల్లలు ముందు పరిగెత్తారు. ఆడవాళ్లం అన్నం మూటలు కట్టుకున్నాం, తిరునాళ్లకి వెళ్తున్నట్టే ఉంది. పాత పాయ ఒడ్డున ఒక చోట బండి ఆపించి, మామ్మ కర్రతో చూపించింది. "ఇదిగో, ఇక్కడే."

మగవాళ్లు తవ్వారు. పీతల బొరియలు వచ్చాయి, కుండపెంకులు వచ్చాయి, తుప్పు పట్టిన మేకు ఒకటి వచ్చింది. మేకు వచ్చినప్పుడు మా ఆయన కేక పెట్టాడు, అది ఓడ మేకే అని. దాన్ని చేతులు మారుస్తూ అందరం చూశాం. ఓడదైనా కావచ్చు, బండి చక్రానిదైనా కావచ్చు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గోతుల్లో నీళ్లు ఊరాయి. రాయి లేదు.

"మామ్మకి మతి తప్పినట్టుంది" అని మేస్త్రి మావ గొడుగు కింద నుంచి అన్నాడు. మెల్లగానే అన్నాడు, కానీ మామ్మకి చెవులు బాగా పనిచేసేవి.

"నా మతి కాదురా తప్పింది, పాయ తప్పింది" అంది. "అప్పుడు నీళ్లు అటు పారీవి. ఇప్పుడిటు పారతన్నాయి. రాయి పక్కనుండీ సింతసెట్టూ నేదు. నానేటి సేతును?"

ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. అంత ఉత్సాహంగా వెళ్లిన మనిషి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ వారంలోనే నేను తమలపాకులకి వెళ్లాను. ఊరి చివర ఒక బర్మా పెద్దావిడ తమలపాకు తోట పెంచేది. జుట్టు నడినెత్తిన ముడి వేసి, పూలు పెట్టుకుని, చుట్ట కాలుస్తూ పాదుల మధ్య తిరిగేది. ఆవిణ్ణి నేను అమే అనేదాన్ని, బర్మాలో అమ్మ అని. ఆవిడ నన్ను తమీ అనేది, అంటే కూతురు. నాకు వచ్చిన కాస్త బర్మా మాటా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

వానకి దారంతా బురద. కాళ్లు కడుక్కోమని అమే నూతి పక్కకి పంపింది. అక్కడ బట్టలు ఉతుక్కునే బండ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎన్నోసార్లు దాని మీద నిలబడి కాళ్లు కడుక్కున్నాను. ఆ వేళ చెంబుతో నీళ్లు పోస్తుంటే, బండ నడుమ గుంటలో నీళ్లు నిలవకుండా గుటుక్కున లోపలికి దిగిపోయాయి. ఇంకో చెంబు పోశాను. అదీ దిగిపోయింది. వంగి ఆకులు తీసి చెయ్యి పెట్టాను. మోచెయ్యి దాకా పోయింది. అది గుంట కాదు, కన్నం. గుండ్రంగా, నున్నగా, తాడు ఒరుసుకుని అరిగిన కన్నం.

అప్పుడు చూశాను రాయి రంగు. తన్లిన్‌లో దొరికే రాయంతా ఎర్రది, గోటితో గీకితే పొడి రాలుతుంది. ఇది నల్లగా నిగనిగలాడుతోంది. మా భీమిలి కొండ రాయిలాగే ఉంది.

నేను పెట్టిన కేకకి అమే చుట్ట పారేసి పరిగెత్తుకొచ్చింది. పాము కరిచిందనుకుని నా కాలు పట్టుకుంది.

"పాము కాదమే! ఈ రాయి! ఈ రాయి ఎక్కడిది?"

అమే ఊపిరి పీల్చుకుని నవ్వింది. "మా నాన్నది తమీ. నేను పుట్టక ముందు నుంచీ ఇక్కడే ఉంది. మా నాన్న కలా, అంటే మీ దేశపు మనిషి, మీ వాళ్లలాగే సముద్రం అవతల నుంచి వచ్చాడు. మా అమ్మని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు."

ఆవిడ తండ్రి మన దేశపువాడని నాకు తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు.

"పున్నమి వచ్చిందంటే దీనికి పసుపు పూసి ఏదో అనేవాడు. అది ఈ రాయి పేరనుకునేదాన్ని నేను. ఆయన పోయాక నేనూ పసుపు పూసి అదే పేరు పెట్టి పిలుస్తుంటాను."

"ఏం పేరు అమే?"

ఆవిడ సిగ్గుపడింది. తర్వాత రెండు చేతులూ జోడించి, బర్మా యాసలో, మాటమాటకీ తడుముకుంటూ అంది. "గింగామా తల్లీ, సల్లగా సూడు."

కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు, రెండూ ఒక్కసారే వచ్చాయి. అది రాయి పేరు కాదు, చల్లగా చూడమని అమ్మవారిని అడగడం అని చెప్పాను. అమే మెల్లగా నూతి గట్టు మీద కూర్చుంది. ఇన్నేళ్లూ తను ఏమంటోందో తనకి ఆ రోజు తెలిసింది.

తమలపాకులు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. దారిలో ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది, దాన్నీ వదిలేశాను. "మామ్మా, దొరికింది!" అన్న నా కేక విని పక్క లైన్ల వాళ్లు కూడా బయటకి వచ్చారు.

మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి మగవాళ్లు భుజాల మీద మోసుకెళ్లారు. రాయి ముందు దించారు. ఆవిడ ముందుకి వంగి, కన్నంలో చెయ్యి పెట్టి, లోపలి అంచు తడిమింది. చిన్నప్పుడు అలాగే చెయ్యి పెట్టి తల్లి చేత తిట్లు తిన్నదట.

"ఇదే" అంది. తర్వాత అమే మొహంలోకి తేరిపార చూసింది. "నువ్వు ఆడి కూతురివా? తెరసాప ఎక్కి పాటలు పాడీవోడు, ఆడి కూతురివా?"

నేను బర్మాలో చెప్పాను. అమే తలూపింది. తండ్రి పాటలు పాడేవాడని ఆవిడకీ గుర్తే.

మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. తర్వాత మా వైపు తిరిగి, ఎవరూ అడగకుండానే చెప్పింది. "బర్మా పిల్లని సేసుకున్నాడని ఆడిని ఎలేసినారు. మంచినీళ్లు ఇవ్వొద్దన్నారు. నది పొంగితే మేవందరం మెరకకి ఎల్లిపోనాం, ఆడిని రావద్దన్నాం. ఆడొక్కడూ రాయి దగ్గిర ఉండిపోనాడు. అందుకే రాయి ఇక్కడున్నాది."

అంతలో మేస్త్రి మావ గొంతు సవరించుకున్నాడు. అయిందేదో అయింది, రాయిని బండెక్కించి గుడి ముందర పాతిద్దాం, తండేలు పేరు పైన, తక్కిన పేర్లు కింద రాయిద్దాం అన్నాడు. నేను ఆ మాట బర్మాలో చెప్పేసరికి అమే రాయికి అడ్డంగా నిలబడింది. "మా నాన్న దీన్ని వదిలి వెళ్లలేదు. ఇప్పుడు దీన్ని పంపిస్తానా?"

మేస్త్రి మావ మొహం ఎర్రబడింది. "ఇది మన ఓడ రాయి. మన గుడి దగ్గిర కాక ఈ నూతి దగ్గిర ఉండాలా?"

పెద్దవాళ్ల మధ్య నోరు విప్పడం నాకు అలవాటు లేదు. కానీ ఆ వేళ నా నోరు నా మాట వినలేదు. "మావా, పేర్లు రాయాలంటే మొదటి పేరు దీన్ని కనిపెట్టుకుని ఉన్నవాడిది రాయాలి కదా" అన్నాను.

"నిజవే" అంది మామ్మ. "మరి ఆడిని ఎలెయ్యమన్నది ఎవురో కూడా రాయిస్తావేటిరా? మీ తాతేనురా సెప్పింది."

మేస్త్రి మావ గొడుగు తెరిచాడు, మళ్లీ మూశాడు, వెళ్లిపోయాడు. ఇంక ఈ మనిషి మన మొహం చూడడనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తోటలో ఉన్నాడు. నేను వెళ్లేసరికి అమే ఎదురుగా నిలబడి, గొడుగు చంకలో పెట్టుకుని, తనకి వచ్చిన బర్మాలో ఏదో తంటాలు పడుతున్నాడు. నన్ను చూడగానే హమ్మయ్య అన్నాడు.

"అమ్మాయ్, ఈవిడకి సెప్పు. రాయి ఇక్కడే ఉంటాది. కాకపోతే నూతి పక్కన పడుకోబెట్టడం బాగోదు, దారి పక్కకి తెచ్చి నిలబెడదాం, వచ్చీపోయీవోళ్లు సూస్తారు. ఒప్పుకుంటాదేమో అడుగు. పేర్లొద్దు. ఎవురి పేరూ వొద్దు. రాత పలక నాను తెస్తాను."

చెప్పాను. అమే అతన్ని కాసేపు చూసి, లోపలికి వెళ్లి టీ తెచ్చి ఇచ్చింది. ఆయన నిలబడే తాగాడు. అదే ఒప్పందం.

అన్నట్టుగానే రంగూన్ నుంచి లాంచీ మీద చలవరాతి పలక తెచ్చాడు. లంగరు మీద ఉలి పెట్టకూడదని మామ్మ ముందే చెప్పేసింది, అమ్మవారి ఒంటి మీద దెబ్బ పడకూడదని. పలక చెక్కడానికి పగోడా దగ్గర రాతిపని చేసే బర్మా ఆయన ఒకరు కుదిరారు. ఆయనకి తెలుగు రాదు. మా లైన్లలో తీరుగా తెలుగు రాయగలిగినది నేనే. మా నాన్న బడిపంతులు కనక నాకు ఆ మాత్రం అబ్బింది. అంచేత నేను బొగ్గుతో పలక మీద అక్షరాలు రాయడం, దాని వెంట ఆయన ఉలి నడపడం అని తేల్చుకున్నాం.

నా జన్మలో అంత భయంగా, అంత సంబరంగా నేనేదీ రాయలేదు. రాసి చెరిపాను, మళ్లీ రాశాను. చివరికి ఇలా కుదిరింది: "సముద్రం దాటి వచ్చిన తెలుగువారు ఇక్కడ దిగినారు. ఇది వారి ఓడ లంగరు." కింద అదే మాట బర్మాలో అమే చెప్పింది, ఆయనే రాసుకున్నాడు.

చెక్కే ఆయన నా అక్షరాలు చూసి ముచ్చటపడిపోయాడు. "ఇవి మా అక్షరాలకి అక్కచెల్లెళ్లలా ఉన్నాయే! అన్నీ గుండ్రాలే" అన్నాడు. సముద్రం చివర సున్న చూసి, "ఇది మాకు తెలుసు, వ" అని చదివాడు. లంగరు దగ్గర మళ్లీ సున్న వచ్చేసరికి, పాత స్నేహితుడు కనపడినట్టు, "ఇదిగో, మళ్లీ వ!" అన్నాడు. తలకట్లు మాత్రం ఆయనకి అర్థం కాలేదు. రాతిలో బీటలేమో అని ఒకటి వదిలేశాడు. అది కూడా అక్షరమేనని నేను మొత్తుకుంటే, ఇంత చిన్న గీత కోసం ఇంత గోలా అని నవ్వుకుంటూ చెక్కాడు.

నిలబెట్టే రోజు వచ్చింది. రంగూన్ నుంచి వచ్చిన మొదటి లాంచీ నిండా మన వాళ్లే. అక్కడి లత అనే పేట వీధుల్లో దుకాణాలు పెట్టుకున్నవాళ్లు జరీ తలపాగాలతో దిగారు. సేక్కాన్ రేవులో బస్తాలు మోసేవాళ్లు మోకులు భుజాన వేసుకుని దిగారు. మా వాళ్లు తప్పెటగుళ్లు కట్టారు. గుండెల మీద తప్పెట మోగిస్తూ, గజ్జెలు ఘల్లుమనేలా ఎగిరి గంతులేస్తుంటే, అమే వైపు చుట్టాలు తమ పొడుగాటి డోళ్లు తెచ్చి వాయించారు. మొదట ఎవరి దరువు వారిది. కాసేపటికి రెండూ ఎలా కలిశాయో తెలియదు, ఆడవాళ్లం కూడా చేతులు తట్టకుండా ఉండలేకపోయాం.

రాయిని నూతి దగ్గర నుంచి దుంగల మీద దొర్లించుకుంటూ దారి పక్కకి తెచ్చారు. గొయ్యి సిద్ధం. కన్నంలోంచి మోకు దూర్చి రేవు మనుషులు పట్టుకున్నారు. "ఐలేసా!" అని ఒకాయన పాడితే "ఐలేసా!" అని అందరూ లాగారు. రాయి లేచింది, సగం దాకా లేచింది, ఫట్‌మని మోకు తెగింది. రాయి దభీమని వెనక్కి పడింది. బురద మా అందరి మీదా చిందింది. మామ్మ కళ్లు మూసుకుంది. ఎవరి కాలి మీదైనా పడిందా అని మా ఆయన అరిచాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

అప్పుడు మేస్త్రి మావ గొడుగు నా చేతిలో పెట్టాడు. పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగాడు. కొత్త మోకు దూర్చారు. ఈసారి చూస్తూ నిలబడ్డ బర్మా మగవాళ్లు కూడా లుంగీలు బిగించి వచ్చి పట్టుకున్నారు. పలక చెక్కిన ఆయనా పట్టుకున్నాడు. "ఐలేసా!" అంటే వాళ్లూ "ఐలేసా!" అన్నారు. రాయి లేచింది. ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, గోతిలో దిగి నిటారుగా నిలబడింది. మేస్త్రి మావ మోకాలి లోతు బురదలో దాన్ని కావలించుకుని ఉన్నాడు. అప్పుడు లేచిన కేకలు నది అవతలికి వినపడి ఉంటాయి.

పసుపు గిన్నె మామ్మ చేతికి ఇచ్చారు. ఆవిడ దాన్ని అమేకి అందించింది. అమే పసుపు పూసి, తండ్రి అన్న మాట అంది. ఈసారి "గంగమ్మ తల్లీ" అని సరిగ్గా పలికింది. వారం నుంచి నా దగ్గర నేర్చుకుంటోంది మరి. వెనక నుంచి రేవు మనుషులు, దుకాణాలవాళ్లు, లైన్ల ఆడవాళ్లు అందరూ ఆ మాటే అన్నారు.

మేస్త్రి మావ ఇంట్లో భోజనాలు. అమే గుమ్మం దగ్గర ఆగింది. మేస్త్రి మావ భార్య ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, మామ్మ పక్కన పీట వేసింది. ఆకులో అన్నం, చేపల పులుసు వడ్డించింది. అమే కలుపుకుని ఒక ముద్ద తిని, కాసేపు ఆలోచించి, నా చెవిలో ఏదో అంది.

"ఏటంటాది?" అంది మామ్మ.

"పులుసు బాగుందట. కాస్త ఙపి పడితే ఇంకా బాగుండునట" అన్నాను. ఙపి అంటే బర్మావాళ్లు చేపలు మురగబెట్టి చేసే ముద్ద. దాని వాసన తగిలితే మామ్మ వీధి మారిపోయేది. గదిలో అందరూ తినడం ఆపి ఆవిడ వైపు చూశారు.

మామ్మ పులుసు మెతుకులు వేళ్లతో పోగుచేసుకుంటూ, "రేపు తెమ్మను, ఎలాగుంటాదో సూద్దాం" అంది.